అనసూయ స్టీలు క్యారేజీ

లేదండీ, ఈసారి మాత్రం నేను ఒప్పుకోను. చిన్న ప్యాకెట్ అంటే చేతిలో పట్టేది. చంకలో పెట్టుకోవాల్సినదాన్ని, రెండు చేతులతో ఎత్తాల్సినదాన్ని, కింద చక్రాలుంటే బాగుండునని అనిపించేదాన్ని చిన్న ప్యాకెట్ అనరు. ఈ మాట సింధు అక్కకి ఎన్నిసార్లు చెప్పానో నా ఫోన్‌లోని వాయిస్ మెసేజీలే సాక్ష్యం. అయినా ఇవాళ పొద్దున మళ్ళీ వచ్చింది. వెల్లింగ్టన్‌లో నేనుండే ఫ్లాట్‌లో, ఎల్లుండి హైదరాబాద్ వెళ్ళడానికి నేను తెరిచిపెట్టుకున్న సూట్‌కేసు పక్కనే చతికిలబడి, ఒక అట్టపెట్టె చుట్టూ బ్రౌన్ టేపు లాగడం మొదలుపెట్టింది. కర్ర్ర్‌మని ఆ చప్పుడు. కొత్త బట్టని ఎవరో పంతం పట్టి చింపుతున్నట్టు ఉంటుంది. అది చెవిన పడితే చాలు, నా పళ్ళు వాటంతటవే బిగుసుకుంటాయి.

పెట్టెలో తేనె సీసాలు, ఉన్ని స్వెట్టరు ఉన్నాయి. సింధు అక్క కూతురు గీసిన బొమ్మ కూడా ఉంది. అందులో గుండ్రంగా ఉన్నది అమ్మమ్మట, గీతలా ఉన్నది అమ్మమ్మ ఇంటి కుక్కట. ఇవన్నీ తెనాలిలో ఉండే అక్కావాళ్ళ అమ్మకి చేరాలి. నేను వెళ్తున్నది హైదరాబాద్‌కి. తెనాలి అనేది మల్కాజిగిరి పక్క గల్లీ అన్నట్టు మాట్లాడుతుంది అక్క.

"రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగుతావు కదే," అంది.

"నేనేమన్నా పోస్ట్‌మ్యాన్‌నా అక్కా?"

"పోస్ట్‌మ్యాన్‌వి ఎందుకవుతావు? అనసూయ ఫ్రెండువి," అంది టేపుని పళ్ళతో కొరుకుతూ.

అదీ సంగతి. ఆ పేరు చెబితే నా నోరు మూతపడుతుందని అక్కకి తెలుసు. మీకు అనసూయ తెలీదు కాబట్టి తప్పు ఎవరిదో మీరే తేల్చగలరు. చెప్తాను, వినండి.

నేను మల్కాజిగిరిలో పుట్టి, ఆటోవాళ్ళతో గొడవపడుతూ పెరిగినదాన్ని. నాకు మాటలు వచ్చాక మొదట అన్నది "అమ్మ" కాదు, "నై" అని మా అమ్మ ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది. ఇంజనీరింగ్‌లో నా పక్కన తెనాలి నుంచి వచ్చిన ఒక పిల్ల కూర్చుంది. వాళ్ళ నాయనమ్మ పేరు పెట్టారు. నా ఫోన్‌లో ఆ పేరు మోగడం చూసి "ఎవరే ఈ పెద్దావిడ, రోజూ చేస్తోంది?" అని అడిగింది మా అమ్మ. మనిషి కూడా పేరుకి తగ్గట్టే ఉండేది. నూనె పెట్టిన జడ, నెమ్మది నడక. ఫోన్ ఎప్పుడూ బ్యాగు అడుగున ఎక్కడో ఉండేది, అది మోగితే బ్యాగు మొత్తం బోర్లించేది. ఇవన్నీ నేను భరించాను. భరించలేనిది ఒక్కటే. అనసూయకి "కుదరదు" అనడం రాదు. సిటీ బస్సులో తనకి సీటు దొరికితే, రెండు స్టాపులు దాటేలోపు ఒళ్ళో ఇద్దరి బ్యాగులు, ఒకరి కూరగాయల సంచి, ముక్కూ మొహం తెలియని ఒకావిడ పసిపిల్లాడు చేరేవాళ్ళు. ఒకసారి ఆ పసిపిల్లాడి తల్లి స్టాపు వచ్చిందని దిగిపోయింది కూడా. అవతల ఆవిడ బస్సు వెంట పరిగెడుతుంటే, ఇవతల అనసూయ వాడికి పాట పాడుతోంది.

అలాంటి మనిషితో నేను జీవితంలో మొదటిసారి దేశం దాటాను. ఫైనలియర్‌లో ఉండగా ఆక్లాండ్‌లో రెండు వారాల వర్క్‌షాపుకి మా కాలేజీ నుంచి మా ఇద్దర్నీ పంపారు. అది అయ్యాక తిరగడానికి ఇంకో వారం. ఆ వారంలో నాకు కావలసింది ఒక్కటే. టౌపో అనే ఊళ్ళో, నది మీదికి పొడుచుకొచ్చిన కొండ అంచు నుంచి, కాళ్ళకి తాడు కట్టుకుని తలకిందులుగా దూకాలి. బంగీ జంప్. రెండు నెలల ముందు నుంచే స్టేటస్‌లో పెడుతున్నాను. మా పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్నయ్య, ఫ్యామిలీ గ్రూపులో తాతయ్యతో సహా అందరూ చూస్తుండగా "దీనికి నోరే గానీ గుండె లేదు, అంచుదాకా పోయి దిగొస్తది, రాసిపెట్టుకోండి" అన్నాడు. కాబట్టి అది సరదా కాదు, పరువు.

ఇక అనసూయ న్యూజిలాండ్ వెళ్తోందన్న వార్త తెనాలిలో పాలవాడి కంటే ముందు ఇంటింటికీ చేరింది. ఒక్కొక్కరే వచ్చారు. ఆక్లాండ్ శివారు పాపటోయిటోయిలో ఉండే కోడలికి ఆది జాకెట్టు కొలతకిచ్చి కుట్టించిన బ్లౌజులు. ఎవరి తమ్ముడికో మిక్సీ జారు. టౌపోలో కొట్టు నడుపుకునే ఒకాయనకి కుక్కర్ విజిల్. అన్నీ చిన్న ప్యాకెట్లే. అన్నీ బ్రౌన్ టేపు చుట్టినవే. చివరికి వాళ్ళ పక్కింటి విజయలక్ష్మి ఆంటీ వచ్చింది. ఆవిడ కూతురే మన సింధు అక్క. అప్పుడు అక్కకి ఏడో నెల. సీమంతానికి వెల్లింగ్టన్ వెళ్దామని ఆంటీ అన్నీ సిద్ధం చేసుకుంది గానీ వీసా రాలేదు. మట్టిగాజులు, ఎరుపూ ఆకుపచ్చా కలిపి రెండు చేతుల నిండా సరిపడా, అనసూయ చేతిలో పెట్టింది.

"ఒక్కటి కూడా చిట్లకుండా చేర్చమ్మా. నేను తొడగాల్సినయ్యి. నువ్వే తొడుగు," అందట.

గాజుల్ని సూట్‌కేసులో వేస్తే పొడి అవుతాయి. అనసూయ ఏం చేసిందంటే, కొత్త సాక్సుల్ని గట్టిగా రొట్టెల కర్రల్లా చుట్టి, వాటికి గాజులు ఎక్కించి, ఆ చుట్టల్ని వాళ్ళ నాన్న పొలానికి అన్నం తీసుకెళ్ళే స్టీలు క్యారేజీ గిన్నెల్లో దూర్చింది. ఆ క్యారేజీ ఒళ్ళోంచి దించలేదు. సింగపూర్‌లో విమానం మారినప్పుడు ఒక తాతగారు నా వైపు వంగి "భోజనం ఇంటి నుంచే తెచ్చుకున్నారా తల్లీ, మంచి పని చేశారు," అన్నాడు. నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తనెవరో తెలియనట్టు కూర్చున్నాను.

ఆక్లాండ్ ఎయిర్‌పోర్టులో మట్టి, విత్తనం, తిండి వస్తువు ఏది దేశంలోకి తెచ్చినా చెప్పాలి. చెప్పకపోతే జరిమానా. మా వంతు వచ్చేసరికి బల్ల అవతల ఒక భారీ ఆఫీసరమ్మ ఉంది. కొప్పులో ప్లాస్టిక్ మందారం. అనసూయ బ్యాగు వైపు చూసి "ఈ బ్యాగు నువ్వే సర్దుకున్నావా?" అని అడిగింది. ప్రపంచంలో ఈ ప్రశ్నకి ఒక్కటే జవాబు. పుట్టిన ప్రతి మనిషికీ తెలిసిన జవాబు.

"లేదండీ," అంది అనసూయ తన ఇంగ్లీషులో. "మా వీధి మొత్తం కలిసి సర్దారు."

నేను తన కాలు తొక్కాను.

"కాలెందుకు తొక్కుతావే?" అంది గట్టిగా. ఈ ముక్క తెలుగులో అన్నా ఆఫీసరమ్మకి అర్థమైంది. నన్ను ఎగాదిగా చూసి నా బ్యాగు కూడా తెరవమంది.

ఆ తర్వాత అనసూయ, పెళ్ళిలో మగపెళ్ళివారికి చుట్టాల్ని పరిచయం చేసినట్టు, ఒక్కో ప్యాకెట్టునీ పరిచయం చేసింది. ఇది ఫలానా ఆవిడ చెల్లెలి కోడలిదండీ, ఆ అమ్మాయి చాలా మంచిది. నా వెనక లైను పెరుగుతోంది. నా చెవులు కాలుతున్నాయి. సీమంతానికి పెట్టిన పసుపు కొమ్ములూ ఎండుకొబ్బరీ ఆఫీసరమ్మ పక్కకి తీసింది. "పారేయకండి, మీరన్నా వాడుకోండి, మంచి సరుకు," అని బతిమాలింది అనసూయ. మాకు అలా వాడుకునే వీలు లేదమ్మా అని ఆవిడ నవ్వు ఆపుకుంటూ చెప్పింది. చివరికి క్యారేజీ తెరిచింది. సాక్సులకి ఎక్కించిన గాజుల్ని చూసింది. ఎందుకో, ఎవరికో అనసూయ చెప్పింది. ఆవిడ ఒక్కో చుట్టనీ రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ గిన్నెల్లో పెట్టి, గిన్నెకీ గిన్నెకీ మధ్య టిష్యూ కాగితాలు మడిచి దూర్చి, "ఇక కదలవు," అంది. నా మేకప్ పౌచ్‌ని మాత్రం బల్ల మీద బోర్లించి వదిలేసింది. న్యాయమేనా అది?

పాపటోయిటోయిలో అనసూయకి వరసకి పిన్నయ్యే భారతి ఆంటీ ఇంట్లో దిగాం. ఆవిడ గోడౌన్‌లో షిఫ్టు డ్యూటీకి వెళ్ళేది. మేం వచ్చాక వాళ్ళ ముందుగది పోస్టాఫీసు అయిపోయింది. రోజూ సాయంత్రం ఎవరో ఒకరు వచ్చి తమ ప్యాకెట్టు తీసుకునేవారు. దాన్ని వాసన చూసి, ఒకసారి గుండెకి హత్తుకుని, వాళ్ళ అమ్మ చిక్కిందా, గేటుకి రంగు వేశారా అని అనసూయని అడిగేవారు. తను అన్నిటికీ జవాబు చెప్పేది. ఎందుకంటే ప్యాకెట్టు తీసుకునేటప్పుడే గేటు కూడా చూసి వచ్చేది. పిల్లలున్న ఇల్లు కదా అని క్యారేజీని మాత్రం రోజూ వర్క్‌షాపుకి మోసుకెళ్ళేది. మూడో రోజుకి క్లాసులో అందరూ "ఇవాళ ఏం తెచ్చావు?" అని ఆశగా అడగడం మొదలుపెట్టారు. వాళ్ళని నిరాశపరచడం ఇష్టం లేక మర్నాడు పొద్దున్నే లేచి ఇంకో డబ్బాలో ఆ క్లాసు మొత్తానికి పులిహోర కలిపి తెచ్చింది. నిమ్మకాయలు పిండింది ఎవరనుకుంటున్నారు?

టౌపో బయల్దేరే ముందు రోజు ఆంటీ ఇంట్లో బాత్‌రూము తూకం మీద అనసూయ బ్యాగు పెట్టి చూశాను. నా కళ్ళు నేనే నమ్మలేదు. తగ్గలేదు.

"అరె, అందరియి ఇచ్చేసినం కదనే! మళ్ల గంత బరువేంది?"

"వాళ్ళు మాత్రం ఖాళీగా ఎట్టా పంపుతారే? తలా ఒకటి ఇచ్చారు. ఇయ్యి తెనాలికి," అంది, జిప్పు మీద మోకాలు పెట్టి లాగుతూ.

"నీకు వద్దు అనొస్తదా, రాదా?"

"ఎందుకు రాదు, వచ్చుద్ది."

"ఏదీ, అను చూద్దాం."

"ఎవరితో?"

"నాతోటే. ఇగో, నేను నీకు ఇంకో పార్సెల్ ఇస్తున్న. ఏమంటవ్?"

అనసూయ జిప్పు వదిలేసి నా ఖాళీ చేతుల వైపు చూసింది.

"ఏముంది అందులో?" అంది, ఆసక్తిగా.

ఆ రాత్రి నేను తనతో మాట్లాడలేదు. తను గమనించలేదు. దాంతో నాకు ఇంకా మండింది.

శుక్రవారం సాయంత్రానికి టౌపో చేరాం. లెక్క ఇదీ: శనివారం పొద్దున నేను దూకుతాను, మధ్యాహ్నం బస్సెక్కి రాత్రికి వెల్లింగ్టన్ చేరతాం, ఆదివారం పొద్దున సింధు అక్క సీమంతం. టౌపోలో కుక్కర్ విజిల్ అందుకోవాల్సిన రవీందర్ అంకుల్ ఇంట్లోనే పడక. ఆయనది కరీంనగర్, భార్యది తెనాలి. డెయిరీ నడుపుతాడు. డెయిరీ అంటే గేదెలు, పాలు అనుకునేరు. ఇక్కడ వీధి చివర కిరాణా కొట్టుని అలా అంటారు. కొట్టు ముందు, ఇల్లు వెనక. ఏళ్ళ తరబడి ఒక్కరోజు కూడా షట్టర్ దించలేదని, పండక్కి కూడా కౌంటర్ మీదే భోంచేస్తానని గర్వంగా చెప్పుకున్నాడు. అనసూయ అరచేతిలో విజిల్ పెట్టగానే ఆ మనిషి కౌంటర్ దగ్గర కస్టమర్‌ని నిలబెట్టేసి లోపలికి పరిగెత్తాడు. పప్పు పెట్టాడు. ఆయన, ఆయన భార్య, మేమిద్దరం, ఆగలేక వెనకాలే వచ్చిన ఆ కస్టమర్ తెల్లాయన, అందరం పొయ్యి చుట్టూ నిలబడ్డాం. విజిల్ కూసింది. తెల్లాయన ఉలిక్కిపడి గుమ్మం బయటికి దూకాడు.

"విన్నవా?" అన్నాడు అంకుల్ భార్యతో. తర్వాత మాతో, "గీ ఊళ్ళ అన్నీ దొరుకుతయి బిడ్డా. గీ కూత దొరకది. ఉత్త మూత పెట్టి వండుకుంటున్నం ఇన్నొద్దులు."

శనివారం పొద్దున చలి ఎముకల్లో దూరింది. అయినా వెళ్ళాం. కింద నది పచ్చలరాయిని కరిగించి పోసినట్టు ఉంది. అంచు మీద బల్ల. నా రెండు కాళ్ళూ దగ్గరికి చేర్చి, తువ్వాలు చుట్టి, పట్టీలు బిగించారు. తాడు బరువుకి కాళ్ళు ముందుకి లాగుతున్నాయి. నేను భయపడ్డానా అని అడగకండి. నా కళ్ళల్లో నీళ్ళు గాలికి వచ్చినవి. కంచె అవతల అనసూయ ఒక చేతిలో నా ఫోన్ పట్టుకుని వీడియో తీస్తోంది. రెండో చంకలో, చెప్పాలా, క్యారేజీ.

అప్పుడే నా ఫోన్ మోగింది. అనసూయ ఎత్తింది. విన్నది. కంచె దగ్గరికి వచ్చింది.

"శ్రీజా, అంకుల్ చేశాడే. కొండల్లో మంచు పడి పెద్దరోడ్డు మూసేశారంట. మన బస్సు లేదు. చుట్టూ తిరిగిపోయే రోడ్డు ఇంకోటి ఉందంట, అది కూడా ఎప్పుడు మూసేస్తారో తెలీదంట. ఇప్పుడే బయల్దేరితే కార్లో ఆయనే తీసుకుపోతానన్నాడు."

"ఇప్పుడంటే?"

"ఇప్పుడే. గేటు దగ్గరికొచ్చి ఉన్నాడు." క్షణం ఆగి అంది, "నువ్వు దూకు. ఎన్నాళ్ళ నుంచో అనుకున్నావు. నేను ఆయనతో పోతా. రోడ్డు తెరిచాక నువ్వు బస్సులో రా. ఏం ఫర్లేదు."

చూడండి, తను నన్ను రమ్మనలేదు. అరవడానికి నాకు ఒక్క కారణం కూడా ఇవ్వలేదు. వీపున ఒక బ్యాగు, ముందు ఒక బ్యాగు, చంకలో క్యారేజీ, రెండు గుడారాల మధ్య ఇరుక్కున్న మనిషిలా ఉంది. తెలియని ఊరు, మంచు, ముందురోజే పరిచయమైన మనిషి కారు. ఊళ్ళో ఎవరు ఏది అడిగినా నెత్తిన పెట్టుకునే మనిషి, నాలుగేళ్ళలో నన్ను ఒక్కసారి కూడా ఏదీ అడగలేదు. ఆ సంగతి నాకు అక్కడ, కాళ్ళు కట్టేసి ఉన్నప్పుడు తట్టింది. తట్టగానే ఒళ్ళు మండిపోయింది.

"నా ఫోన్?" అన్నాను.

"అవును కదా. ఈ అబ్బాయికి ఇచ్చి పోతాలే, వీడియో తీస్తాడు," అంది, అక్కడ పనిచేసే కుర్రాణ్ణి చూపించి.

"దిమాక్ ఉన్నదా నీకు? ముక్కూ మొహం తెల్వనోని చేతిల నా ఫోన్ పెడ్తవా? విప్పండి! అన్నా, విప్పు ఇది!"

ఆ కుర్రాడికి తెలుగు రాదు గానీ భావం అందింది. చాలామంది ఇలాగే వెనక్కి వస్తారు, సిగ్గుపడక్కర్లేదని నా భుజం తట్టాడు. అది భయం కాదని, ఫోన్ గురించి అని వాడికి గేటుదాకా వివరిస్తూనే ఉన్నాను. నేను ఫోన్ కోసం దిగాను. ఈ మాట అప్పటి నుంచీ అందరికీ చెబుతున్నాను. ఎవరూ నమ్మరు.

రవీందర్ అంకుల్ నిజంగానే షట్టర్ దించాడు. దించి కారెక్కాడట, మళ్ళీ దిగి తాళం లాగి చూసి, మళ్ళీ ఎక్కాడట. "ఒక్క విజిల్ తెచ్చినందుకు గింత చేస్తున్నరా అంకుల్?" అని అడిగాను. "నీకు సమజ్ కాదు తియ్ బిడ్డా," అన్నాడు. ఆ రోడ్డు కొండల్ని పట్టుకుని తిరిగి తిరిగి పోయింది. రెండు పక్కలా తెల్లగా మంచు. ముందు సీటులో అనసూయ, ఒళ్ళో క్యారేజీ, మలుపు వచ్చినప్పుడల్లా దాన్ని పసిపాపలా పొట్టకి అదుముకునేది. వెనక సీటులో తెనాలి పార్సెళ్ళ మధ్య నేను. ఫ్యామిలీ గ్రూపులో మా అన్నయ్య "దూకావా?" అని పెట్టాడు. తర్వాత నవ్వుల బొమ్మలు. తర్వాత మా తాతయ్య కూడా నవ్వుల బొమ్మ పెట్టాడు. దాన్ని ఎలా పెట్టాలో ఆయనకి నేనే నేర్పాను. దారి పొడుగునా నేను తిడుతూనే ఉన్నాను. రోడ్డుని, మంచుని, వీసాని, బ్రౌన్ టేపు కనిపెట్టినవాణ్ణి. అనసూయ మధ్యమధ్యలో "నీళ్ళు తాగు, గొంతు ఎండిపోద్ది," అని సీసా వెనక్కి ఇచ్చేది.

వెల్లింగ్టన్ చేరేసరికి చీకటి పడబోతోంది. ఈ ఊళ్ళో ఇళ్ళు కొండకి వేలాడుతుంటాయి. సింధు అక్క ఇల్లు పైన, రోడ్డు కింద, మధ్యలో సిమెంటు మెట్లు. ఇక ఈ ఊరి గాలి. గాలి అనే మాట దానికి చాలదు. అది మనిషిని మెడ పట్టుకుని గెంటుతుంది. అనసూయ మెట్లెక్కుతోంది. నేను వెనకాల, ఒక చేత్తో చక్రాల బ్యాగు, ఇంకో చేతిలో ఫోన్ లైటు. పైన గుమ్మంలో లైటు వెలిగింది. నిండు పొట్టతో సింధు అక్క బయటికి వచ్చి "అనసూ!" అని పిలిచింది. అనసూయ తలెత్తింది. సరిగ్గా అప్పుడే గాలి విసిరింది, తన చున్నీ వచ్చి తన మొహానికే చుట్టుకుంది. కాలు జారింది. మనిషి రెయిలింగు పట్టుకుని నిలబడింది. క్యారేజీ నిలబడలేదు.

అది నా తల పక్క నుంచి, మెట్ల పక్కనున్న పొదల వైపు ఎగిరింది. నాకు తర్వాత జరిగింది ముక్కలుగానే గుర్తుంది. నా కాళ్ళు మెట్టుని వదిలేశాయి. నా రెండు చేతులూ ముందుకి చాచి ఉన్నాయి. స్టీలు చల్లగా అరచేతులకి తగిలింది. నేను పొదలో బోర్లా పడ్డాను, మోకాలు చీరుకుపోయింది, గడ్డం మీద మట్టి. క్యారేజీ నా పొట్ట కింద. ఎక్కడో కింద, టక్ టక్ టక్‌మని ఏదో ఒక్కో మెట్టే దిగి, రోడ్డు మీద ఆగింది.

అనసూయ వచ్చి మెట్టు మీద కూర్చుంది. క్యారేజీ మీద చెయ్యి వేసింది గానీ తెరవలేదు. నేనే తెరిచాను. మొదటి గిన్నె. రెండో గిన్నె. ఆఫీసరమ్మ దూర్చిన టిష్యూలు అలాగే ఉన్నాయి. ఎరుపూ ఆకుపచ్చా, ఒక్క గాజు చిట్లలేదు.

కింద నుంచి రవీందర్ అంకుల్ నా ఫోన్ పట్టుకొచ్చాడు. "గిది మాత్రం పోయింది బిడ్డా," అన్నాడు. తెర నిండా సాలెగూడు.

అనసూయ దాన్ని చూసింది, నన్ను చూసింది.

"దూకావుగా," అంది. "నేనే వీడియో తీయలేదు. ఫోను నీ దగ్గరుందిగా మరి."

మర్నాడు పొద్దున సింధు అక్కని పీట మీద కూర్చోబెట్టారు. అక్క స్నేహితులు పసుపు రాశారు. అమ్మ తొడగాల్సిన గాజులు అనసూయ తొడిగింది, ఒక్కొక్కటే, చెయ్యి నొప్పెట్టకుండా, వేళ్ళు మడిచి. తెనాలి నుంచి విజయలక్ష్మి ఆంటీ వీడియో కాల్‌లో ఉంది. నా ఫోన్ చచ్చింది కాబట్టి, బ్యాగు అడుగు నుంచి తవ్వి తీసిన అనసూయ ఫోన్ పట్టుకుని నేను నిలబడ్డాను. ఆ డొక్కు ఫోన్‌లో బొమ్మ మసకగా వస్తోంది. ఆంటీ బొమ్మ గురించి ఏమీ అనలేదు. "ఒక్కసారి చేతులు కదిలించమ్మా," అంది. అక్క కదిలించింది. గలగలమన్నాయి. ఆంటీ కళ్ళు మూసుకుని విన్నది. ఎవరూ అడక్కుండానే ఫోన్‌ని గాజుల దగ్గరికి జరిపాను. బొమ్మ మసకగా ఉందని, ఇంకేం లేదు.

తర్వాత నేను మాస్టర్స్‌కి మళ్ళీ ఇక్కడికే వచ్చాను, ఉద్యోగం వచ్చింది, ఈ గాలిలోనే సెటిల్ అయ్యాను. అనసూయ తెనాలి దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. నేను బయల్దేరిన రోజు శంషాబాద్ దాకా వచ్చి, ఏడుస్తుందేమో అని నేను భయపడుతుంటే, ఆ క్యారేజీ నా చేతిలో పెట్టింది. "ఖాళీగా ఇవ్వకూడదే," అంది. సింధు అక్క పాపకి వెండి మొలతాడు లోపల ఉంది. ఆరోజు నుంచి ఆ క్యారేజీ నాతోనే తిరుగుతోంది, ఇక్కడి నుంచి అక్కడికీ, అక్కడి నుంచి ఇక్కడికీ. ఎయిర్‌పోర్టులో "నువ్వే సర్దుకున్నావా?" అని అడిగితే నేను కూడా లేదనే చెబుతున్నాను. వెనక లైనులో వాళ్ళు నిట్టూరుస్తారు. తిరిగి నాలుగు అంటించడం మాత్రం నాకు వచ్చిన విద్యే.

ఇందాక సింధు అక్క వెళ్ళిపోయాక, పాప గీసిన బొమ్మని పెట్టెలోంచి తీసి, సాక్సు చుట్టూ చుట్టి, క్యారేజీ పై గిన్నెలో పెట్టాను. తేనె సీసాలకి నా స్వెట్టర్లు చుట్టాను. తెనాలికి రైలు టికెట్ కూడా బుక్ చేశాను. అది అనసూయని చూడటానికి. పార్సెల్ దారిలో ఉంది కాబట్టి ఇచ్చేస్తాను, అంతే. టౌపోకి మళ్ళీ వెళ్ళలేదు, మా అన్నయ్య ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. అనసూయేమో "నువ్వు ఆరోజే మారిపోయావే," అంటుంది. నేను ఒప్పుకోను. ఆ బల్ల మీంచి నేను ఫోన్ కోసమే దిగాను. మరి మెట్ల మీద ఆ ఫోన్‌నే ఎందుకు వదిలేశావు అని మీరు అడగబోతున్నారని నాకు తెలుసు. వదల్లేదు. గాలికి ఎగిరిపోయింది. ఇదిగో, ఇప్పుడు కూడా నా కిటికీని ఎలా బాదుతోందో వినండి. ఈ ఊళ్ళో ఒక్క సాయంత్రమైనా ఆ మెట్లెక్కినవాళ్ళు ఎవరైనా ఉంటే, నా ఎదురుగా నిలబడి, కాదు అనగలరా?